సజ్జలమిట్టకు చరిత్ర కలిగిన విధం

“మా సజ్జలమిట్ట చరిత్రను సింగపూర్‌లో రాయించాలని నిర్ణయించాం!”

ఎమ్మెల్యే జనార్ధనరావు గారు ఈ ప్రకటన బెడోక్‌లోని ఒక చిన్న హాల్లో, పట్టుశాలువా కప్పుకుని, ఏసీ కింద నిలబడి చేశారు. అందరం చప్పట్లు కొట్టాం. ఎందుకు కొట్టానా అని నేను ఆలోచించుకునే లోపల ఆయన అదే మాట ఇంగ్లీషులో కూడా చెప్పారు. మళ్ళీ కొట్టాం.

సజ్జలమిట్ట పేరు పాఠకులు విని ఉండరు. బస్సులో నిద్రపోయేవాళ్ళు దాటిపోయే ఊరు అది. మెలకువగా ఉన్నవాళ్ళు కూడా దాటిపోతారు. ఒక బస్టాండు, గురువారం సంత, ఫంక్షన్ హాలైపోయిన సినిమా హాలు. మేజర్ పంచాయతీగా ఉన్నప్పుడు మురుగుకాలవలు ఉండేవి. నగర పంచాయతీ అయ్యాక డ్రైనేజీ వచ్చింది. నీళ్ళు మాత్రం అవే.

నేను పుట్టింది అక్కడే. ప్రస్తుతం రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు నిద్రపోకుండా చూసే ఉద్యోగం. మా ఊరివాళ్ళు ఇక్కడ సంఘం పెట్టుకునేంత మంది ఉన్నారు. అధ్యక్షుడు సుధాకరరావు గారు సైన్స్ పార్క్‌లో పరిశోధన చేస్తారు. ఏం పరిశోధన అని అడిగితే, “చెప్పినా నీకు అర్థం కాదులే” అంటారు. ఆయన మాట మీద నాకు గౌరవం, అందుకని మళ్ళీ అడగలేదు.

ఎమ్మెల్యే గారు వచ్చింది అధ్యయన యాత్ర మీద. పాత కట్టడాలను ఎలా కాపాడుకోవాలో చూసి రమ్మని సర్కారు పంపింది. వెంట పీఏ ఏడుకొండలు కూడా వచ్చాడు. ఎమ్మెల్యే గారు చూస్తారు, ఏడుకొండలు ఫోటో తీస్తాడు. ఆ రెండూ కలిపితే అధ్యయనం.

“సార్, మన ఊరి చరిత్ర మన ఊళ్ళోనే రాయించొచ్చు కదా?” అని అడిగాను, చప్పట్లు ఆగాక.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. “ఊళ్ళో కుదరదయ్యా. అక్కడ అందరికీ గుర్తుంది.”

ఇంత లోతైన మాట నేను ఏ చరిత్ర ప్రొఫెసరు నోటా వినలేదు. వెంటనే నన్ను చరిత్ర కమిటీకి కార్యదర్శిగా వేశారు. నా అర్హత ఏమిటంటే, సెల్‌ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం వచ్చు. ఆదివారం పుస్తకావిష్కరణ అన్నారు. ఆరోజు సోమవారం. చరిత్ర నాలుగు వందల ఏళ్ళది, టైము ఆరు రోజులు.

మధ్యాహ్నం భోజనానికి, తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. ఖాళీ బల్ల మీద సుధాకరరావు గారు ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి క్యూలోకి నడిచారు. ఎమ్మెల్యే గారు కంగారు పడ్డారు.

“అదేంటి, వదిలేసి వస్తున్నారు?”

“చోప్ చేశానండీ. అంటే, ఆ బల్ల మనదని గుర్తు. ఎవరూ కూర్చోరు.”

ఎమ్మెల్యే గారు చాలాసేపు ఆ టిష్యూ ప్యాకెట్ వంకే చూశారు. “మన దగ్గర ఇదే పనికి ప్రహరీ గోడ కట్టి, లోపల గేదెని కట్టేసి, పైన జెండా పెట్టాలి. అయినా నిలవదు. ఎంత అభివృద్ధి!” అన్నారు. ఏడుకొండలు టిష్యూని ఫోటో తీశాడు.

*

కమిటీ మొదటి సమావేశం సుధాకరరావు గారి ఫ్లాట్‌లో. ఆయన కూతురు దీక్షిత యూనివర్సిటీలో డిజైన్ చదువుతోంది. పుస్తకం పేజీలు అమర్చే పని ఆ అమ్మాయిది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు చదవడం వాళ్ళమ్మ నేర్పింది, మాట్లాడటం మాత్రం ఈ ఊరు నేర్పింది, మాట చివర తగిలించే ‘లా’తో సహా.

ముందు ఊరి పేరు తేల్చాలి. “మిట్ట మీద సజ్జలు పండేవి కాబట్టి సజ్జలమిట్ట,” అని నేను టైపు చేశాను.

“కొట్టెయ్,” అన్నారు ఎమ్మెల్యే గారు. “సజ్జలేంటయ్యా, పిట్టలు తినేవి! సజ్జనుల మిట్ట. సజ్జనులుండే మిట్ట. జనం నోట్లో పడి ‘ను’ అరిగిపోయింది.”

“ఆ సజ్జనులు ఎవరని రాయమంటారు సార్?”

ఆయన సిగ్గుపడి ఏడుకొండలు వైపు చూశారు. “సార్ వాళ్ళ తాతగారు, వాళ్ళ తాతగారు, వాళ్ళ తాతగారు,” అని ఏడుకొండలు చెప్పాడు.

తర్వాత ఎమ్మెల్యే గారి ఇల్లు. మా ఊళ్ళో మొదటి డాబా అదే. ఆ ఇంటికి సిమెంటు మోసిన మా మేనమామ ఇంకా బతికే ఉన్నాడు. కానీ ఆయన ఊళ్ళో ఉన్నాడు, కమిటీ సింగపూర్‌లో ఉంది. ఇంటి వయసు నూరేళ్ళతో మొదలై, కాఫీ వచ్చేసరికి రెండు వందలు దాటి, రెండో కాఫీకి నాలుగు వందల దగ్గర ఆగింది.

దీక్షిత ఫోటో పెద్దది చేసి చూసింది. “అంకుల్, ఫ్లోర్ మొజాయిక్ కదా. ఫోర్ హండ్రెడ్ ఇయర్స్ కెనాట్ లా.”

“మా వాళ్ళు ముందుచూపు ఉన్నవాళ్ళమ్మా,” అన్నారు ఎమ్మెల్యే గారు వాత్సల్యంగా.

అప్పుడు తలుపు తట్టి ఫరీదా ఆంటీ వచ్చారు. మా బ్లాకు వెనక బ్లాకులో ఉంటారు. పెళ్ళయి ఇక్కడికి వచ్చి, ఇక్కడి స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆమెదీ సజ్జలమిట్టే. చేతిలో ఒక పాత ఫోటో ఉంది. నిక్కర్లలో, పంచెల్లో ఉన్న జనం ఒక కొట్టు అరుగు మీద ఒకళ్ళ భుజం మీదుగా ఒకళ్ళు పేపరు చదువుతున్నారు.

“మా నాన్న ఇబ్రాహీం సాహెబ్ లైబ్రరీ గురించి కూడా ఒక పేజీ వెయ్యండి బాబూ,” అన్నారు ఎమ్మెల్యే గారితో.

ఆ లైబ్రరీ కథ మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఇబ్రాహీం సాహెబ్‌ది బట్టల కొట్టు. బేరానికి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుంటారని అరుగు మీద పేపరు వేయించేవాడు. పేపరుకి వచ్చినవాళ్ళు ఎక్కువై, బట్టలకి వచ్చినవాళ్ళకి దారి లేకుండా పోయింది. ఇంకొకరైతే పేపరు మానేసేవారు. ఆయన బట్టలు మానేశాడు. తానులు పెట్టే బీరువాల్లో పుస్తకాలు పెట్టాడు. మధ్యాహ్నాలు మగవాళ్ళని బయటికి పంపించి, ఆయన భార్య ఆడవాళ్ళకి అక్షరాలు దిద్దించేది. పోయేముందు కొట్టు ఊరికి రాసిచ్చాడు. ఇప్పుడు ఆంటీ తమ్ముడు అఖ్తర్ చూసుకుంటున్నాడు.

ఇక్కడ ఎమ్మెల్యే గారి తాతగారి గురించి కొంచెం చెప్పాలి. ఊళ్ళో కిరసనాయిలు కంట్రోలు డిపో ఆయనదే. పేపర్లో పడే రేటుకీ డిపోలో రేటుకీ పొంతన ఉండదని జనం చదివి తెలుసుకోవడం మొదలుపెట్టాక, లైబ్రరీ వల్ల ఊళ్ళో శాంతిభద్రతలు దెబ్బతింటున్నాయని ఆయన తాసీల్దారుకు ఫిర్యాదు చేశారు. తాసీల్దారు వచ్చి విచారించి, తనూ ఒక నవల తీసుకుని వెళ్ళిపోయాడు.

“లైబ్రరీ అంటే... మొన్నమొన్నటిది కదమ్మా,” అన్నారు ఎమ్మెల్యే గారు ఎంతో మర్యాదగా. “చరిత్ర అనాలంటే కొంచెం పాతబడాలి. చూద్దాం.”

ఆంటీ ఫోటో హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. “రోజూ వచ్చి అడుగుతాను బాబూ. పిల్లల చేత ఎక్కాలు చెప్పించినదాన్ని, నాకు ఓపిక ఎక్కువ.”

*

బుధవారం అధ్యయనం. సింగపూర్‌లో పాత వీధులన్నీ చూపించాం. ఒక చోట ఎత్తయిన ఆఫీసు భవనం, దాని ముందు పేవ్‌మెంటు మీద నిలబెట్టిన ఒక అందమైన బోర్డు. సుధాకరరావు గారు చదివి చెప్పారు. “ఇక్కడ పూర్వం ఒక మార్కెట్టు ఉండేదట. చేపలు అమ్మేవాళ్ళట. ఇదిగో ఫోటో.”

“ఇప్పుడు ఏదీ మార్కెట్టు?”

“లేదండీ. బోర్డు ఉంది.”

ఎమ్మెల్యే గారు కదల్లేదు. ఎండలో అలాగే నిలబడ్డారు. గొప్ప ఆలోచనలు పుట్టే సమయంలో మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆరోజు దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది. చెమటగా ఉంటుంది.

“ఏడుకొండలూ, మనం ఎంత వెనకబడ్డామో చూశావా? మన ఊళ్ళో పాత బిల్డింగులన్నీ అలాగే నిలబెట్టుకున్నాం. ఒక్కదానికీ బోర్డు లేదు. వీళ్ళు చూడు, బిల్డింగు లేదు, వారసత్వం ఉంది. స్థలానికి స్థలమూ కలిసొచ్చింది.”

ఇక్కడివాళ్ళు పాతవాటిని ఎన్నో జాగ్రత్తగా నిలబెట్టుకున్నారనీ, అంతకుముందు చూసినవన్నీ అవేననీ సుధాకరరావు గారు చెప్పబోయారు. ఎమ్మెల్యే గారు అప్పటికే ఫోను తీశారు.

ఫోను అవతల మా నగర పంచాయతీ కమిషనరు శశికాంత్ గారు. ఉద్యోగంలో కొత్త. చెప్పింది చెప్పినట్టు చేస్తాడని పేరు. ఆ పేరు వచ్చినందుకే ఆయన్ని మా ఊరికి బదిలీ చేశారు.

“శశికాంత్, మన ఊరు రాష్ట్రంలోనే మొదటి వారసత్వ పట్టణం కాబోతోంది. పాత కట్టడాలు ఫోటో తీయించు. తర్వాత కట్టడం తీసెయ్. బోర్డు పెట్టు. ‘ఇక్కడ ఫలానాది ఉండేది.’ అంతే.”

“ఏవేవి సార్?”

“పుస్తకం వస్తోందయ్యా, పీడీఎఫ్ పంపిస్తాం. అందులో పాత కట్టడం అని ఏదుంటే అది. పుస్తకమే ప్రమాణం. నీ సొంత తెలివి వాడొద్దు.”

“వాడను సార్.”

“ఆదివారం నేను స్టేజీ మీద ఉండగా మొదటి బోర్డు లేవాలి. లైవ్‌లో చూపిస్తాం.”

రైల్లో తిరిగొస్తూ ఎమ్మెల్యే గారు వేళ్ళ మీద లెక్క చూసుకున్నారు. సంత షెడ్లు, సత్రం, బస్టాండు ఎదురుగా లైబ్రరీ. మూడూ పక్కపక్కనే. ఒక షాపింగ్ కాంప్లెక్సుకి చరిత్ర సరిగ్గా సరిపోయింది.

*

ఆ సాయంత్రం సుధాకరరావు గారి ఫ్లాట్‌కి ఫరీదా ఆంటీ వచ్చేసరికి ఎమ్మెల్యే గారు లేచి ఎదురెళ్ళారు.

“ఫరీదమ్మా, శుభవార్త! మీ నాన్నగారికి నాలుగు పేజీలు ఇస్తున్నాం. రంగుల్లో. ఊళ్ళో బోర్డు కూడా పెట్టిస్తా, మీ నాన్నగారి పేరుతో, స్టీలుది.”

ఆంటీ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. హ్యాండ్‌బ్యాగు తెరిచి ఫోటో దీక్షిత చేతికిచ్చారు. “జాగ్రత్తమ్మా, ఇదొక్కటే ఉంది. ఆ స్తంభం పక్కన నిలబడ్డది మా నాన్న. ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. కూర్చుంటే ఒకళ్ళకి చోటు తగ్గుతుందని.”

దీక్షిత ఫోటో స్కాన్ చేసి, కింద వాక్యం టైపు చేస్తూ ఆగింది. “అంకుల్, క్యాప్షన్ ఏ టెన్స్? ‘లైబ్రరీ ఉంది’నా, ‘ఉండేది’నా?”

“ఉండేది అని వెయ్యమ్మా,” అన్నారు ఎమ్మెల్యే గారు.

“ఉండేది అంటే?” అన్నారు ఆంటీ.

సుధాకరరావు గారు సంతోషంగా వివరించారు. ఫోటో తీయించడం, తీసెయ్యడం, బోర్డు పెట్టడం, అంతర్జాతీయ స్థాయి. ఆంటీ మొత్తం విన్నారు. తర్వాత దీక్షిత చేతిలోంచి ఫోటో తీసుకుని, హ్యాండ్‌బ్యాగులో పెట్టి, జిప్పు లాగారు. ఆ చప్పుడు హాల్లో అందరికీ వినపడింది.

“వద్దులే బాబూ. మా నాన్న చరిత్రలోకి రాడు.”

“అదేంటమ్మా! మీరే కదా రోజూ వచ్చి అడుగుతున్నది?”

“అడిగాను. తప్పు నాదే. సాయంత్రం అయితే మా అఖ్తర్ వెళ్ళి తాళం తియ్యాలి. చరిత్ర అయితే తియ్యడానికి తలుపుండదు.”

“స్టీలు బోర్డమ్మా!”

“బోర్డు మీద ఎంతమంది కూర్చుని చదువుకుంటారు బాబూ?”

ఎమ్మెల్యే గారికి ఇలాంటి నిరాడంబరత అలవాటు లేదు. ఆంటీ చెప్పులేసుకుని వెళ్ళిపోయాక, “ఆమె ఫోటో ఇవ్వకపోతే ఏమైంది, మనమే రాసేద్దాం,” అన్నారు. ఏడుకొండలు చెవి దగ్గరకి వంగాడు. “సార్, వాళ్ళు వద్దన్నాక లైబ్రరీ పడగొడితే పేపర్లో ఇంకో రకంగా వస్తుంది. ఎలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి.”

ఎమ్మెల్యే గారు నిట్టూర్చారు. “సరే, పుస్తకంలోంచి తీసెయ్. ఆ లైబ్రరీ మాట ఎక్కడా ఉండకూడదు. అసలు అలాంటిది ఊళ్ళో లేనట్టే. తర్వాత చూద్దాం దాని సంగతి.”

“అంకుల్, ఫోర్ పేజెస్ ఖాళీ,” అంది దీక్షిత. “ప్రింటర్‌కి రేపే ఇవ్వాలి. హౌ?”

ఏడుకొండలు తన ఫోనులో ఫోటోలు వెతికాడు.

“మా ఇల్లు వెయ్యండి,” అన్నారు ఎమ్మెల్యే గారు.

అలా ఇబ్రాహీం సాహెబ్ నాలుగు పేజీల్లోకి ఎమ్మెల్యే గారి ఇల్లు వచ్చి చేరింది. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు. ‘సజ్జనులమిట్టలో అత్యంత పురాతన కట్టడం’ అని నేను టైపు చేశాను. ఎవరి ఇల్లో రాయబోతే ఎమ్మెల్యే గారు వారించారు. సొంత డబ్బా అనుకుంటారట. “‘ఇది ఒక కుటుంబానిది కాదు, ప్రజలది’ అని రాయి,” అన్నారు. రాశాను. ముందుమాట కూడా నేనే రాశాను. సంతకం ఆయనది.

*

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. ముందు వరుస కుర్చీల మీద ఎవరో అప్పటికే టిష్యూ ప్యాకెట్లు పెట్టేసి ఉండటంతో సంఘం పెద్దలు వెనక కూర్చున్నారు. ఫరీదా ఆంటీ కూడా వచ్చారు. వస్తారనుకోలేదు. చివరి వరుసలో, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దుటి నుంచీ అఖ్తర్ ఫోను ఎత్తట్లేదని నాతో అన్నారు. మళ్ళీ నంబరు నొక్కారు.

ఎమ్మెల్యే గారు పుస్తకానికి కట్టిన రిబ్బన్ కత్తిరించి, చరిత్ర అంటే ఏమిటో వివరించారు. వివరణ బాగా పొడవుగా సాగి, బిర్యానీ వాసన రావడంతో ముగిసింది.

“ఇప్పుడు ఒక చారిత్రక దృశ్యం. మీ కళ్ళ ముందు సజ్జనులమిట్టకి మొదటి బోర్డు లేవబోతోంది. ఏడుకొండలూ, కలుపు!”

తెర మీద శశికాంత్ గారు కనపడ్డారు. తలకి హెల్మెట్, వెనక జేసీబీ, అంతా ఎర్రటి దుమ్ము. ఆయన ముఖంలో పని పూర్తిచేసినవాడి తేజస్సు ఉంది.

“నమస్కారం సార్! మొదటిది పూర్తయింది సార్!” పక్కకి జరిగారు. మెరిసిపోతున్న స్టీలు బోర్డు. ‘ఇక్కడ నాలుగు వందల ఏళ్ళనాటి ప్రజాభవనం ఉండేది.’

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎమ్మెల్యే గారు రెండు చేతులూ ఎత్తి అందుకున్నారు.

“శభాష్ శశికాంత్! ఏది మొదలుపెట్టావ్? సంత షెడ్డా, సత్రమా?”

“అవి మధ్యాహ్నం సార్. పుస్తకంలో ‘అత్యంత పురాతన కట్టడం’ అని ఉన్నదాంతో మొదలుపెట్టాం సార్. నాలుగు పేజీలున్నది.”

గాలికి దుమ్ము కొంచెం పక్కకి తొలిగింది. బోర్డు వెనక ఎండలో నిగనిగలాడుతూ మొజాయిక్ గచ్చు.

ఎమ్మెల్యే గారి చేతులు ఇంకా పైనే ఉన్నాయి. “శశికాంత్... అది మా ఇల్లు.”

“పుస్తకంలో అలా లేదు సార్. ‘ఒక కుటుంబానిది కాదు, ప్రజలది’ అని ఉంది. సొంత తెలివి వాడొద్దన్నారు కదా సార్.”

“ఒరేయ్, లోపల మా అమ్మ ఉందిరా!” మైకు ఆన్‌లో ఉంది. బిర్యానీ డబ్బాలు తెరుస్తున్నవాళ్ళు ఆగిపోయారు.

“అమ్మగారికి ఏమీ కాలేదు సార్. ముందే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాం. సామాన్లు కూడా తీయించాం. ఒప్పుకోలేదు సార్ మొదట. మీ ముందుమాట మొత్తం, ‘ప్రజలది’ అన్న పేజీతో సహా చదివి వినిపించాం. ‘మావాడే రాశాడా?’ అని అడిగారు. మీ సంతకం చూపించాం. అప్పుడు లేచారు సార్.”

ఎమ్మెల్యే గారు స్టేజీ అంచున కూర్చుండిపోయారు. శాలువా జారింది. ఆ కాసేపు ఆయన ఎమ్మెల్యేలా లేరు. పెద్దవయసు తల్లి ఉన్న ఎవరిలాగైనా ఉన్నారు.

“ఇప్పుడెక్కడుందయ్యా?”

“లైబ్రరీలో సార్.”

“ఏ లైబ్రరీ?”

శశికాంత్ గారు తడబడ్డారు. చేతిలో పుస్తకం ప్రింటవుట్లు అటూ ఇటూ తిప్పారు. “ఇందులో లేనిది సార్. అందుకే దాని జోలికి పోలేదు. ఆ అఖ్తర్ గారు వచ్చి సామాన్లు మోసి, అమ్మగారిని తీసుకెళ్ళారు. మాతోపాటు పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నారు సార్ ఆయన.”

చివరి వరుసలో ఫరీదా ఆంటీ లేచారు. కుర్చీల మధ్యనుంచి నిదానంగా నడిచి స్టేజీ దగ్గరికి వచ్చి, ఎమ్మెల్యే గారి చేతిలోంచి మైకు తీసుకున్నారు.

“శశికాంత్ బాబూ, మా అఖ్తర్‌తో చెప్పండి. అమ్మగారిని వీధి వైపు కూర్చోబెట్టొద్దని, ఆ దుమ్ము ఆమెకి పడదు. లోపల బీరువాల పక్కన పడక్కుర్చీ ఉంటుంది, అది వెయ్యమనండి. మజ్జిగ ఇప్పించమనండి.”